రోస్విటా షెల్‌హార్న్ ఏడో గడి

మా ఎర్లెన్‌రోడా విశ్వవిద్యాలయ పాలకమండలి సమావేశాల్లో పదిహేడేళ్లుగా నోరు మెదపని మనిషి ఒక్కతే. పేరు రోస్విటా షెల్‌హార్న్. సభ్యులు మాట్లాడతారు, అధ్యక్షుడు అంతకన్నా ఎక్కువ మాట్లాడతాడు, ఎవరూ మాట్లాడనప్పుడు న్యాయమూర్తిగారు సందేహాలు లేవనెత్తుతారు. రోస్విటా బల్ల చివర, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అదంతా మినిట్స్‌లో రాస్తుంది. మినిట్స్ రాసేవాళ్లు మాట్లాడకూడదని ఎక్కడా రాసి లేదు. ఎక్కడా రాసి లేకపోయినా అందరూ పాటించే నియమాలు మా ఊళ్లో బోలెడు, ఇదీ అందులో ఒకటి.

నోరు లేదు కానీ ఆవిడకో కత్తెర ఉండేది. మండలిలో కొత్త సభ్యుడు చేరినప్పుడల్లా తన జీవిత విశేషాలు పంపిస్తాడు. ఒక్కొక్కరిది అయిదారు పేజీలు. ఏ విదేశంలో ఏ పతకం అందుకున్నాడు, ఏ క్లబ్బుకు గౌరవ కార్యదర్శి, ఏ మంత్రి పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. రోస్విటా దాన్ని వెబ్‌సైటు కోసం నాలుగు లైన్లకు దించుతుంది. ఎంత కొమ్ములు తిరిగిన మనిషికైనా నాలుగే లైన్లు. ఆ పని చేసే పూట ఆవిడ కాఫీలో చక్కెర వేసుకోదు, అవసరం ఉండదు.

ఆ ఏడాది నవంబరు సమావేశం ఆవిడకు అరవై ఎనిమిదోది. మార్చిలో రిటైర్మెంటు. ప్రశాంతంగా వెళ్లిపోవచ్చు. కానీ ఎజెండాలో అయిదో అంశం అలా వెళ్లనిచ్చేలా లేదు. రసాయనశాస్త్ర భవనం నేలమాళిగలో ఉన్న గాజు పని గదిని మూసేయాలి, ప్రయోగశాలలకు కావలసిన గాజు సామానంతా ఇకపై కేటలాగు చూసి కొనుక్కోవాలి. ఈ సలహా ఇచ్చింది మండలిలో అందరికన్నా చిన్నవాడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కంపెనీలకు సలహాలమ్మే కొన్‌స్టాంటిన్ రుప్పెల్. సమావేశం గది కిటికీలోంచి చూస్తే ఎదుటి భవనం అడుగున, నేల మట్టానికి ఒక చిన్న కిటికీ కనిపిస్తుంది. అందులో నీలంగా ఒక మంట వెలుగుతూ ఉంటుంది. ఆ కుర్చీ రోస్విటా ఎందుకు ఎంచుకుందో ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

అక్టోబరు ఆఖర్లో రిజిస్ట్రార్ డాక్టర్ ఓవర్‌బెక్ ఆవిడ గది గుమ్మంలో తల పెట్టాడు.

"ఫ్రౌ షెల్‌హార్న్, కొత్త వెబ్‌సైటు వస్తోంది. మండలి సభ్యుల వృత్తి నేపథ్యం పెట్టాలట. మొదటి నుంచీ, పూర్తిగా అని మంత్రిత్వశాఖ నుంచి ఉత్తరం వచ్చింది."

"పూర్తిగానా?"

"ఆఁ, పూర్తిగా. అంటే, మామూలుగానే."

"పూర్తిగానా, మామూలుగానా? నాకు ఏదో ఒకటి చెప్పండి."

జేబులో ఫోను మోగింది. "పూర్తిగా" అనేసి ఆయన వెళ్లిపోయాడు. రోస్విటా తేదీ, టైము వేసి ఆ మాట ఒక చీటీ మీద రాసి పెట్టుకుంది.

సభ్యుల ఫారాలు ఆవిడ అలమారాలోనే ఉంటాయి. మండలిలో చేరినా, ఉద్యోగంలో చేరినా ప్రతివాళ్లూ నింపే ఫారమే. ఏడో గడి: నేర్చుకున్న వృత్తి. ఎనిమిదో గడి: చేస్తున్న వృత్తి. ఇన్నేళ్లూ రోస్విటా ఎనిమిదో గడితోనే పని జరుపుకుంది. ఆ పూట మొదటిసారి ఏడో గడి మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది.

మా వాళ్లు భార్యతో అబద్ధమాడతారు, డాక్టరుతో ఆడతారు, పాస్టరుగారితో పండగ పూట కూడా ఆడతారు. ఫారం మీద మాత్రం ఆడరు. గీసిన గడి కనబడితే చాలు, లోపలున్న నిజమంతా దానంతటదే చేతిలోకి వచ్చేస్తుంది. అందుకే అధ్యక్షుడు, రెండు డాక్టరేట్ల ప్రొఫెసర్ హార్ట్‌విగ్ జైడ్లర్, ఆసుపత్రి పరికరాల కంపెనీ యజమాని, ఏడో గడిలో తన చక్కని దస్తూరీతో రాసిపెట్టాడు: ఆవుల పెంపకం. దేశాన్ని రెండుగా చీల్చిన గోడ పడకముందు, మా వైపు కమ్యూనిస్టుల రోజుల్లో, పాస్టరు కొడుక్కి మామూలు హైస్కూల్లో సీటు ఇచ్చేవారు కాదు. కొట్టంలో పని నేర్చుకుంటూ ఆ పనితోపాటే కాలేజీకి కావలసిన పరీక్ష కట్టాలి. ఆయన అలా వచ్చినవాడు. విశ్రాంత న్యాయమూర్తి ఆన్నెగ్రెట్ డ్యూస్టర్‌హోఫ్ట్‌గారిది ఆడవాళ్ల జుట్టు కత్తిరించే పని. పొదుపు బ్యాంకు డైరెక్టరుది తాపీ పని. మతశాస్త్ర ప్రొఫెసరు కసాయి అంగట్లో మూడేళ్లు నేర్చుకున్నాడు. మిగతా ఇద్దరిలో ఒకరు వడ్రంగి, ఒకరు దర్జీ. రుప్పెల్ గడిలో అడ్డంగా ఒక గీత మాత్రం ఉంది.

రోస్విటా ఆ ఫారాలు బల్ల మీద పరుచుకుని చాలాసేపు తనలో తాను నవ్వుకుంది. చేతులతో పని నేర్చుకున్న ఆరుగురూ, ఏదీ నేర్చుకోని ఒకడూ కలిసి చేతిపని గదిని మూయబోతున్నారు. మూస్తే మూయనీ, ముందు ఎదురెదురుగా కూర్చుని ఒకరి ఏడో గడి ఒకరు చదువుకోనీ అనుకుంది.

మధ్యాహ్నం నేలమాళిగకు వెళ్లింది. గాజు పనిలో మిగిలిన ఇద్దరిలో పెద్దవాడు ఫోల్క్‌మార్ బోమ్, మంట తగ్గించి కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. మా ఊళ్లో తినేలా పచ్చి మాంసం కీమా, ఉల్లిపాయ ముక్కలు పరిచిన బన్ను రెండు చెక్కలు చేసి ఒకటి ఆవిడకిచ్చాడు. ఇద్దరూ పదహారేళ్ల వయసులో ఇదే గదిలో పక్కపక్క మంటల దగ్గర పని నేర్చుకున్నారు.

"వచ్చే గురువారం నన్ను పాతిపెడుతున్నారటగా రోసీ. పూలు పట్టుకొస్తావా, లేక మినిట్స్ రాసి ఊరుకుంటావా?"

"మినిట్స్‌లో పూలకు చోటు లేదు. నోరు మూసుకుని ఇది విను." ఫారాల సంగతి చెప్పింది.

జైడ్లర్ ఆవుల దగ్గరికి వచ్చేసరికి ఫోల్క్‌మార్‌కు పొలమారింది. ఉల్లిపాయ ముక్కలు ఒళ్లో పడ్డాయి. కళ్లు తుడుచుకుని, ఇంకా నవ్వుతూనే అడిగాడు.

"మరి నీ ఏడో గడిలో ఏముందే?"

రోస్విటా బన్ను కాగితం మీద పెట్టేసింది. "నీకు తెలుసుగా."

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. అందరి చొక్కాలూ విప్పించి, నువ్వు మాత్రం మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చుంటావా?"

"నా గుండీల జోలి నీకెందుకు? తిను."

మా వాళ్లు ఫారం మీద అబద్ధమాడరని చెప్పాను. ఒక్క మనిషి ఆడింది, అది రోస్విటాయే. గోడ పడ్డాక ఈ గదిలో తొమ్మిది మంటలు రెండు చేశారు. ముందుగా ఇంటికి పంపింది ఆడవాళ్లను. 1991 మార్చిలో పై భవనంలో గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయితే ఎవరో చెవిలో వేశారు, గాజు ఊదుకునేదాన్ని బల్ల దగ్గర ఎవరు కూర్చోబెడతారు, నీకు టైపు వచ్చుగా, అంతే రాయి అని. ఏడో గడిలో ఆఫీసు గుమాస్తా శిక్షణ అని రాసింది. అప్పటినుంచి ఆ ఒక్క మాటకు భయపడుతూ బతికింది. ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ గురించి అడిగితే ఇస్త్రీపెట్టె అనేది. ముప్పై రెండేళ్లు ఆ ఇస్త్రీపెట్టె కథే చెప్పింది. రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు ఆ గుట్టు రట్టయితే పెన్షను కాగితాల దాకా ఏం తిరగదోడతారోనన్న దిగులు ఆవిడకు నిజంగానే ఉండేది.

శుక్రవారం నాడు ఏడుగురి విశేషాలూ నాలుగేసి లైన్లలో టైపు చేసి అందరికీ పంపింది. మొదటి లైను పేరూ బిరుదులూ, రెండో లైను నేర్చుకున్న వృత్తి, మూడూ నాలుగూ మామూలు గొప్పలు. కింద ఒక వాక్యం: మంగళవారం మధ్యాహ్నం పన్నెండు లోగా అభ్యంతరం రాకపోతే సమ్మతించినట్టే. ఎవరో ఒకరు లబోదిబోమని ఫోను చేస్తారనీ, అప్పుడు తీసేస్తే పోతుందనీ అనుకుంది. కాస్త ఏడిపించినట్టయినా ఉంటుంది.

ఏడుగురూ జవాబిచ్చారు. జైడ్లర్ గౌరవ డాక్టరేటు అసలు డాక్టరేటు కంటే ముందు రావాలన్నాడు. న్యాయమూర్తిగారు విశ్రాంత అన్న మాట అంత పెద్దగా కనబడక్కర్లేదన్నారు. మతశాస్త్ర ప్రొఫెసరు తన పీఠం పూర్తి పేరు రాసి పంపాడు, అదే ఒక లైనున్నర. రుప్పెల్ తన హోదాకు కొత్తగా మరో విశేషణం చేరిందని తెలియజేశాడు. ప్రతి ఒక్కరూ మొదటి లైనును భూతద్దం పెట్టి చూసుకున్నారు. రెండో లైను దాకా ఒక్కరూ దిగలేదు. మంగళవారం పన్నెండు గంటలకు రోస్విటా కాగితాలు ప్రింటు తీసి పేర్ల కార్డుల పక్కన పెట్టడానికి సిద్ధం చేసింది.

గురువారం పది గంటలకు అందరూ వచ్చారు. థర్మోసుల్లో కాఫీ, బుల్లి సీసాల్లో రసాలు, పళ్లెంలో గసగసాల కేకు. జైడ్లర్ స్వాగతం చెబుతుండగానే కాగితాలు గలగలలాడాయి. ఎవరి లైను వాళ్లు చూసుకుని, తృప్తిపడి, పక్కవాళ్ల లైను మీదికి కళ్లు తిప్పారు.

"హెర్ జైడ్లర్," అన్నారు న్యాయమూర్తిగారు నెమ్మదిగా, "మీరు ఆవుల్ని కాసేవారా?"

"కాయడం కాదు, పెంపకం." ఆయన మాట ఆయనకు తెలియకుండానే బయటికి వచ్చింది.

"ఎన్ని ఉండేవేంటి?"

"నూట ఎనభై." అప్పటికి తేరుకుని ఆయన బల్ల చివరికి తిరిగాడు. ముందు పళ్లలో గసగసాలు ఇరుక్కుని ఉండడంతో కోపం పూర్తిగా కుదరలేదు. "ఎవరు పెట్టారిది?"

కాగితాల గురించి అడిగితే రోస్విటా జవాబు చెప్పొచ్చు, దానికి అడ్డు లేదు. ఫైలు తీసి చూపించింది. "ఏడో గడి, మీ దస్తూరీయే. మంగళవారం పదకొండూ నలభైకి మీ సమ్మతి. పూర్తిగా పెట్టమన్నది రిజిస్ట్రార్‌గారు. తేదీ, టైము ఈ చీటీ మీద ఉన్నాయి." ఓవర్‌బెక్ గది పైకప్పును మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

ఆయన్ని చూసి పొదుపు బ్యాంకు డైరెక్టరు కూడా తలెత్తాడు. ఆ మూల ప్లాస్టరు చేసినవాడికి మొదటి ఏడాదే చెవి మెలేసి ఇంటికి పంపేవాళ్లమన్నాడు. మతశాస్త్ర ప్రొఫెసరు చేతిరుమాలు మెలిపెట్టి సాసేజ్ చివర ముడి ఎలా వేస్తారో చూపించాడు. న్యాయమూర్తిగారు ఓవర్‌బెక్ మెడ వెనక్కి వంగి చూసి, "ఇది కత్తిరించినవాళ్ల మీద కేసు పెట్టొచ్చండీ" అన్నారు. పావుగంట పాటు ఎజెండా ఎవరికీ గుర్తు రాలేదు. రుప్పెల్ ఒక్కడే కాగితం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"నేను చదువుకునే రోజుల్లో రెండు చోట్ల ఇంటర్న్‌షిప్ చేశాను" అన్నాడు చివరికి.

"అక్కడ ఏం తయారుచేశారు?" న్యాయమూర్తిగారు అడిగారు.

"స్లైడ్లు."

రోస్విటా తల వంచుకుని రాస్తోంది. పెదవి కొరుక్కోకపోతే బయటికి నవ్వేసేది.

కానీ అయిదో అంశం వచ్చేసరికి నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రుప్పెల్ పద్నాలుగు స్లైడ్లు చూపించాడు. రెండు ఉద్యోగాలు, గ్యాసు ఖర్చు, గది వైశాల్యం. ఏ గాజు సామానైనా ఈరోజు ఆర్డరు పెడితే ఇంటికొస్తుంది అన్నాడు. తాపీ పనివాడు తలూపాడు. కసాయి తలూపాడు. ఆవులాయన గడియారం చూసుకుని, "స్పష్టంగానే ఉంది. ప్రశ్నలేమైనా ఉన్నాయా? లేకపోతే చేతులెత్తుదాం" అన్నాడు.

రోస్విటాకు అప్పుడు తెలిసొచ్చింది. తన పని తనకు గుర్తొచ్చినంత మాత్రాన ఎదుటివాడి పనిని ఎవరూ కాపాడరు. ఆవిడ ఎత్తు వాళ్లకు పావుగంట కాలక్షేపమైంది, అంతకుమించి ఏమీ కాలేదు. కిటికీలోంచి కింద మంట వెలుగుతూనే ఉంది. పెన్ను బల్ల మీద పెట్టింది.

"నాకు ఉంది" అంది.

చర్చల్లో ఆ గొంతు వినే అలవాటు లేక ముగ్గురు తలుపు వైపు చూశారు.

"కేటలాగులో దొరికేవి కొత్తవి. ఇక్కడ పగిలినవాటికి కేటలాగు లేదు. పోయినేడు కింద గదికి నాలుగు వందల పన్నెండు పనులొస్తే మూడొందలు మరమ్మతులే. జూన్‌లో భౌతికశాస్త్రం వాళ్ల వాక్యూమ్ గొట్టం చీలింది. కంపెనీని అడిగితే పదకొండు వారాలన్నారు. కింద ముప్పావు గంటలో అతికించి ఇచ్చారు."

"మన్నించాలి," అన్నాడు రుప్పెల్, "మీరు ఆఫీసు పని కదా. అది అంత తేలికో కాదో మీకెలా తెలుస్తుంది?"

"తేలికని నేననలేదు. చీలిక ఎక్కడ ఆగిందో చూసుకుని, దానికి ఇంకా అవతల నుంచి వేడి తేవాలి. తొందరపడి మధ్యలో మంట తగిలించారో, అవతలి చివరిదాకా పరిగెత్తుతుంది. అది చేత్తో తెలుసుకోవాలి. నాకు మూడేళ్లు పట్టింది."

ఓవర్‌బెక్ పైకప్పు వదిలి ఆవిడను చూశాడు. "ఫ్రౌ షెల్‌హార్న్, మీ ఫైల్లో నేర్చుకున్న వృత్తి గుమాస్తా అని ఉన్నట్టు గుర్తే."

"ఉంది. అబద్ధం రాశాను."

ఆవులకు నవ్వినవాళ్లు, సాసేజ్‌కు నవ్వినవాళ్లు ఇప్పుడు నవ్వలేదు. బ్యాంకు డైరెక్టరు కప్పు కింద పెట్టేశాడు. దొంగతనమైనా కాస్త సర్దుకుపోయేవారేమో కానీ, ఫారం మీద అబద్ధం అంటే మా వాళ్లకు నోట మాట రాదు. అయినా రోస్విటా చెప్పేసింది, ఏ ఏడాదో, ఏ గడిలోనో, ఎందుకో, అంతా.

న్యాయమూర్తిగారు కళ్లద్దాలు తీసి తుడిచారు. "1991. కాలదోషం పట్టి ఏనాడో పోయింది. ఆ అబద్ధంవల్ల జీతం ఎక్కువొచ్చిందా మీకు?"

"తక్కువొచ్చింది. గాజు పనికి ఎక్కువిచ్చేవారు."

"అంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నారన్నమాట. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి తెలివితక్కువ నేరం నా ముందుకు రాలేదు. కొట్టేశాను."

జైడ్లర్ మాత్రం ఆవిడనే చూస్తున్నాడు. "ఎందుకు దాచారు?"

"మీరెందుకు దాచారు, హెర్ ప్రొఫెసర్?"

ఆయన గసగసాలు ఒకటి రెండు నమిలి మింగాడు. "వాసనొస్తోందని ముక్కు మూసుకుంటారని."

"నాకూ అంతే. మీకు పేడ, నాకు గ్యాసు."

ఆయన లేచి కిటికీ దగ్గరికొచ్చి, ఆవిడ భుజం మీదుగా కిందికి చూశాడు. మంట కనిపించి ఉండాలి. తిరిగి వెళ్లి కూర్చుని, గది ఉంటుందనీ, బోమ్ రిటైరైతే ఆ చోట మరొకర్ని తీసుకోవాలనీ తీర్మానం చెప్పాడు. అయిదు చేతులు లేచాయి. ఒకరు తటస్థం, రుప్పెల్ వ్యతిరేకం. రెండేళ్లకు మళ్లీ నివేదిక కావాలన్నారు, అది రాసేముందు రుప్పెల్ మూడు రోజులు ఆ గదిలో గడపాలన్నారు.

"మీ గడి ఖాళీగానే ఉందిగా," అన్నారు న్యాయమూర్తిగారు రుప్పెల్‌తో ప్రేమగా.

మినిట్స్ రాయడానికి రోస్విటాకు మామూలుగా ఒక పూట చాలు. ఈసారి రెండు రోజులు పట్టింది. అయిదో అంశం దగ్గర మాట్లాడినవారి పేరు రాయాల్సి వచ్చినప్పుడల్లా కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. చివరికి అందరి పేర్లలాగే తన పేరూ రాసింది, కత్తెర వేయకుండా. ఆ తర్వాత తన సొంత ఫైలు తీసి, 1991 ఫారం మీద స్కేలు పెట్టి ఒక్క గీత గీసి, పైన సరైన మాట రాసి, ఓవర్‌బెక్ సంతకానికి పట్టుకెళ్లింది.

ఆయన ఫారం చూసి పెన్ను మూత తీశాడు. "పూర్తిగానా, మామూలుగానా?"

"పూర్తిగా" అంది రోస్విటా.

సోమవారం మధ్యాహ్నం నేలమాళిగలోకి అడుగుపెట్టేసరికి ఫోల్క్‌మార్ పక్క మంట కూడా వెలిగించి, దాని ముందు స్టూలు తుడిచి ఉంచాడు. నిలువునా చీలిక పడిన గొట్టం ఒకటి చేతిలో పెట్టాడు. "పాలకమండలికి అంత పాఠం చెప్పొచ్చావటగా. కానీయ్ మరి, మేమూ చూస్తాం."

రోస్విటా కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుంది. గొట్టాన్ని తిప్పుతూ చీలిక చివర ఎక్కడుందో చూసుకుంది. దానికి ఇంకా అవతల నుంచి వేడి తేవడం మొదలుపెట్టింది. మణికట్టుకు అలవాటు తప్పింది, గొట్టం రవ్వంత పక్కకు జరిగింది. టిక్కుమని ఒక చిన్న చప్పుడు. చీలిక అవతలి చివరిదాకా పరిగెత్తి, గొట్టం రెండు ముక్కలై ఒళ్లో పడింది.

"ఆ ఏడో గడి ఇంకోసారి కొట్టేస్తే మంచిదేమో" అన్నాడు ఫోల్క్‌మార్.

ముప్పై రెండేళ్లు ఈ స్టూలు మీద కూర్చోలేదే అన్న ఏడుపూ, ఇప్పుడు కూర్చున్నానన్న నవ్వూ ఆవిడకు ఒకేసారి వచ్చాయి. రెండూ ఆపుకోలేదు. కళ్లు మోచేత్తో తుడుచుకుని, మంట కాస్త తగ్గించి, చెయ్యి చాపింది.

"వాగింది చాల్లే. ఇంకో గొట్టం ఇటివ్వు" అంది.